మాస్ స్పెక్ట్రోమెట్రీ: రొయ్యల రిపోర్టు నుంచి రక్తంలోని ప్రొటీన్ దాకా తరచుగా అడిగే ప్రశ్నలు

కావలి, అల్లూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు, అటు సింగరాయకొండ, కొత్తపట్నం. రొయ్యల చెరువులున్న ప్రతి ఊళ్లోనూ 'ఎల్‌సీ-ఎంఎస్ రిపోర్టు' అనే మాట వినపడుతుంది. రొయ్యల్లో మందు అవశేషాలున్నాయేమో మాస్ స్పెక్ట్రోమీటర్ అనే యంత్రంతో చూసి ఇచ్చే కాగితం అది. ఆ కాగితం మీద ఒక్క అంకె తేడా వస్తే పంట ధరే మారిపోతుంది. అయినా ఆ అంకె ఎలా వచ్చిందో రైతుకు కూర్చోబెట్టి చెప్పేవాళ్లు తక్కువ. నెల్లూరు, ఒంగోలు కాలేజీల పిల్లలు కూడా ఇదే యంత్రం గురించి అడుగుతుంటారు. వాళ్ల ఆసక్తి ప్రొటీన్ల మీద. ఇద్దరికీ కలిపి రాసిన జవాబులివి. రొయ్యల గురించి అడిగేవాళ్లు ఎక్కువ కాబట్టి ఆ సంగతే ఎక్కువగా ఉంటుంది.

మాస్ స్పెక్ట్రోమీటర్ ఏం కొలుస్తుంది?

అణువు ద్రవ్యరాశిని. కచ్చితంగా చెప్పాలంటే, అణువుకు విద్యుదావేశం ఎక్కించి అయాన్‌గా మార్చాక, దాని ద్రవ్యరాశిని ఆ ఆవేశంతో భాగిస్తే వచ్చే సంఖ్యను కొలుస్తుంది. దాన్ని ఎం/జెడ్ అంటారు. ఆవేశం లేని అణువును విద్యుత్ క్షేత్రం కదిలించలేదు, కాబట్టి అది యంత్రానికి కనపడదు. ద్రవ్యరాశిని డాల్టన్లలో చెబుతారు. హైడ్రోజన్ పరమాణువు సుమారు 1, నీటి అణువు 18.

యంత్రంలో అయాన్లను తయారుచేసే భాగం ఒకటి, వాటిని విడదీసే భాగం ఒకటి, లెక్కపెట్టే డిటెక్టర్ ఒకటి ఉంటాయి. విడదీసే చోట గాలి ఉండకూడదు. ఉంటే అయాన్లు దారిలోనే గాలి అణువులకు గుద్దుకుని చెదిరిపోతాయి. అందుకే వాక్యూమ్ పంపులు రాత్రింబవళ్లు తిరుగుతూనే ఉంటాయి. కరెంటు మాటిమాటికీ పోయే చోట గట్టి బ్యాకప్ లేకుండా ఈ యంత్రం పెట్టడం కుదరదు.

ఇది కొత్తగా వచ్చిన పద్ధతా?

కాదు. జె.జె. థామ్సన్ 1912-13 ప్రాంతంలోనే నియాన్ వాయువులో 20, 22 ద్రవ్యరాశులున్న రెండు రకాల పరమాణువులను చూశాడు. ఆయన దగ్గర పనిచేసిన ఆస్టన్ 1919లో మెరుగైన పరికరం తయారుచేసి, 1922లో నోబెల్ అందుకున్నాడు. ప్రొటీన్లను కొలవడం మాత్రం 1980ల చివరి దాకా ఎవరి చేతా సరిగ్గా కాలేదు. ఎందుకో కింద చెబుతాను.

ద్రవ్యరాశి తెలిస్తే అది ఏ పదార్థమో తెలిసిపోయినట్టేనా?

కాదు. ఒకే ద్రవ్యరాశి ఉన్న వేర్వేరు అణువులు ఎన్నో ఉంటాయి. అందుకే మందు అవశేషాల పరీక్షలో ఒక్క అంకెను నమ్మరు. క్లోరాంఫెనికాల్‌నే తీసుకుందాం. ఈ యాంటీబయాటిక్ ద్రవ్యరాశి 322. ఒక ప్రోటాన్‌ను వదిలేసి రుణావేశంతో 321 దగ్గర కనపడుతుంది. క్వాడ్రుపోల్ అంటే నాలుగు కడ్డీల మధ్య విద్యుత్ క్షేత్రంతో అయాన్లను వడకట్టే భాగం. అలాంటివి వరసగా ఉండే ట్రిపుల్ క్వాడ్రుపోల్ యంత్రంలో మొదటి భాగం 321ని మాత్రమే ముందుకు పోనిస్తుంది. రెండో భాగంలో అది వాయు అణువులకు తగిలి ముక్కలవుతుంది. మూడో భాగం ఆ ముక్కల్లో 152, 257 వంటివాటిని పట్టుకుంటుంది.

దీనికి ముందే, శాంపిల్‌లోని పదార్థాలను ఒక్కొక్కటిగా వేరుచేసే ద్రవ క్రోమటోగ్రఫీ గొట్టం ఉంటుంది. ఎల్‌సీ అంటే అదే. పదార్థం ఆ గొట్టం నుంచి ఏ నిమిషానికి బయటికి వచ్చిందో కూడా సరిపోవాలి. యూరోపియన్ యూనియన్ 2021లో తెచ్చిన నిబంధన ప్రకారం ఈ సమయం ప్రామాణిక నమూనాతో పోలిస్తే 1 శాతానికి మించి తేడా ఉండకూడదు. రెండు ముక్కల మధ్య నిష్పత్తి కూడా 40 శాతం తేడాలోపే ఉండాలి. 321 అనే ద్రవ్యరాశి, అది బయటికొచ్చే సమయం, రెండు ముక్కలు, వాటి నిష్పత్తి అన్నీ కలిసొస్తేనే 'ఉంది' అని రాస్తారు. ఈ పరీక్షకున్న బలం ఇదే.

ఎలైసాలో పాజిటివ్ వచ్చింది. మళ్లీ ఎల్‌సీ-ఎంఎస్ ఎందుకు?

ఎలైసా యాంటీబాడీల మీద నడుస్తుంది. ఆ యాంటీబాడీ తనకు కావలసిన మందునే కాక, దానికి దగ్గరి ఆకారం ఉన్న ఇంకో అణువును కూడా పట్టుకోవచ్చు. ఖర్చు తక్కువ, ఒకేసారి చాలా శాంపిళ్లు చూడొచ్చు, కాబట్టి మొదటి వడపోతకు బాగా పనికొస్తుంది. పట్టుబడికి ముందు చేసే ప్రీ-హార్వెస్ట్ టెస్ట్‌లో ఎంపెడా (సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ) ల్యాబ్‌లు వాడేది ఇదే. ఎలైసా పాజిటివ్ అంటే అనుమానం మాత్రమే, నిర్ధారణ కాదు. నిర్ధారణకు ద్రవ్యరాశి చూడాల్సిందే. ఎలైసా కాగితం ఒక్కటే చూపించి ధర తగ్గిస్తామంటే, నిర్ధారణ పరీక్ష చేయించమని అడగడంలో తప్పేమీ లేదు.

మందు వాడి నెల దాటింది. ఇంకా ఎలా పట్టుకుంటారు?

అది నైట్రోఫ్యూరాన్ మందు అయితే పట్టుకుంటారు. ఫ్యూరజోలిడోన్ వంటివి రొయ్య ఒంట్లో కొన్ని గంటల్లోనే మాయమవుతాయి. అయితే వాటి ముక్కలు కండలోని ప్రొటీన్లకు అతుక్కుని వారాల తరబడి ఉండిపోతాయి. ఫ్యూరజోలిడోన్ నుంచి మిగిలే ముక్క పేరు ఏఓజెడ్. ల్యాబ్‌లో వెతికేది మందును కాదు, ఈ ముక్కనే.

దీన్ని బయటికి తీసే పద్ధతి తెలుసుకోదగ్గది. రొయ్య కండను మెత్తగా చేసి, ఆమ్లంతో ఆ అతుకును విడగొడతారు. ఏఓజెడ్ ద్రవ్యరాశి 102 మాత్రమే. అంత చిన్న అణువులు ఏ శాంపిల్‌లోనైనా గుంపులుగా ఉంటాయి కాబట్టి దీన్ని విడిగా గుర్తుపట్టడం కష్టం. అందుకని 2-నైట్రోబెంజాల్డిహైడ్ అనే పదార్థంతో కలిపి 37 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచుతారు. దాని ద్రవ్యరాశి 151. రెండూ కలిసేటప్పుడు ఒక నీటి అణువు పోతుంది: 102కు 151 కలిపి 18 తీసేస్తే 235. ఒక ప్రోటాన్ చేరాక యంత్రంలో 236 దగ్గర కనపడుతుంది. అది విరిగితే వచ్చే 134 ముక్కను కొలుస్తారు. 'పొద్దున శాంపిల్ ఇస్తే సాయంత్రానికి రిపోర్టు ఎందుకివ్వరు' అని అడిగేవాళ్లకు జవాబు ఇక్కడుంది. ఆ రాత్రి ఆగక తప్పదు.

2022 నవంబర్ నుంచి యూరోపియన్ యూనియన్‌లో సరుకు మీద చర్యకు దారితీసే స్థాయి నైట్రోఫ్యూరాన్ ముక్కలకు కిలోకు 0.5 మైక్రోగ్రాములు, క్లోరాంఫెనికాల్‌కు 0.15 మైక్రోగ్రాములు. అంటే టన్ను రొయ్యల్లో మొత్తం కలిపి 0.15 మిల్లీగ్రాముల క్లోరాంఫెనికాల్ ఉన్నా సరుకు ఆగిపోతుంది.

నేను ఏ మందూ వేయలేదు. అయినా పాజిటివ్ వచ్చిందంటే యంత్రం తప్పా?

ముందు యంత్రాన్ని అనుమానించకండి, అలాగని మిమ్మల్ని మీరే నిందించుకోకండి. చెరువులోకి ఏమేం వెళ్లాయో వరసగా రాసుకోండి. మేత, ప్రోబయోటిక్ ప్యాకెట్లు, మినరల్స్, షాపులో 'గట్ కోసం' అని అంటగట్టిన పొడులు, ఏదీ వదలొద్దు. లోపల ఏముందో లేబుల్ మీద రాయని పొడిని చెరువులో వేయడమంటే పంటను తెలియని చేతుల్లో పెట్టడమే. అనుమానం ఉన్న ప్యాకెట్‌ను కూడా ఇదే పద్ధతిలో పరీక్ష చేయించవచ్చు. ప్యాకెట్‌లో కలిపితే ఎక్కువ మోతాదులోనే ఉంటుంది కాబట్టి రొయ్యలో కంటే అందులో పట్టుకోవడమే తేలిక.

ఒక మినహాయింపు ఉంది, దాన్ని తెలుసుకోవడం మీ హక్కు. నైట్రోఫ్యూరజోన్ మందుకు గుర్తుగా చూసే సెమికార్బజైడ్, రొయ్య జాతి జీవుల పెంకులో సహజంగా కూడా ఉంటుందని పరిశోధనల్లో తేలింది. కాబట్టి ఈ పరీక్షకు పెంకు పూర్తిగా తీసేసి, లోపలి కండనే వాడాలి. సెమికార్బజైడ్ ఒక్కటే పాజిటివ్ వస్తే, శాంపిల్ ఎలా తయారుచేశారని ల్యాబ్‌ను అడగండి. ఏఓజెడ్ విషయంలో ఈ వాదన చెల్లదు.

శాంపిల్ ఎలా తీయాలి?

ఒక్క మూల నుంచి కాకుండా చెరువులో నాలుగైదు చోట్ల వల వేసి తీయండి. వెంటనే ఐసులో పెట్టి, అదే రోజు ల్యాబ్‌కు చేర్చండి, కుదరకపోతే గడ్డకట్టించండి. చెరువు నంబరు, తేదీ చెరిగిపోని ఇంకుతో రాయండి. క్లోరాంఫెనికాల్ ఇప్పటికీ మనుషుల కంటి ఆయింట్‌మెంట్లలో ఉంది. ఆ మందు రాసుకున్న చేతులతో శాంపిల్ ముట్టుకోకూడదు. వెతుకుతున్నది కిలోలో మైక్రోగ్రాములో ఏడో వంతు మాత్రమే అని గుర్తుంచుకుంటే ఈ జాగ్రత్త అతి అనిపించదు.

వైట్ స్పాట్, ఈహెచ్‌పీ వంటి రొయ్యల జబ్బులు కూడా ఇందులో తెలుస్తాయా?

వాటికి పీసీఆర్ చేయించండి. జబ్బు తెచ్చే జీవి జన్యు పదార్థాన్ని చూసే పరీక్ష అది, వాటికి అదే సరైనది.

ప్రొటీన్ అంత పెద్ద అణువు కదా, దాన్ని ఎలా కొలుస్తారు?

ఇన్నేళ్లు పట్టింది ఇక్కడే. చిన్న అణువుల్లో చాలావాటిని వేడిచేసి ఆవిరిగా మార్చవచ్చు. ప్రొటీన్‌ను వేడిచేస్తే మాడిపోతుంది. దాన్ని చెదరకుండా గాల్లోకి లేపి ఆవేశం ఇవ్వడానికి రెండు దారులు దొరికాయి. అమెరికాలో జాన్ ఫెన్ ప్రొటీన్ ద్రావణాన్ని సన్నని సూదిలోంచి ఎక్కువ వోల్టేజి కింద తుంపరగా చిమ్మించాడు. తుంపర ఆరిపోగా ఆవేశం ప్రొటీన్ మీద మిగిలిపోతుంది. ఇది ఎలక్ట్రోస్ప్రే. జపాన్‌లో కోయిచి తనాకా లేజర్ దెబ్బతో ప్రొటీన్‌ను లేపాడు. ఇద్దరికీ 2002 రసాయన నోబెల్‌లో భాగం దక్కింది. ఈనాడు ల్యాబ్‌ల్లో ఎక్కువగా వాడే మాల్డీ అనే లేజర్ పద్ధతిని మాత్రం జర్మనీలో కరాస్, హిల్లెన్‌క్యాంప్ అభివృద్ధి చేశారు. వాళ్ల పేర్లు కూడా పిల్లలకు చెప్పాలి.

ఎలక్ట్రోస్ప్రేలో ప్రొటీన్ మీద ఒకటి కాదు, చాలా ఆవేశాలు ఎక్కుతాయి. ఇన్సులిన్ 1452.9 దగ్గర ఒక శిఖరంగా (గ్రాఫ్‌లో పైకి లేచిన గీతగా), 1162.5 దగ్గర ఇంకో శిఖరంగా కనపడుతుంది. పక్కపక్క శిఖరాల మధ్య ఆవేశం తేడా ఒకటి. 1162.5 నుంచి ప్రోటాన్ ద్రవ్యరాశి 1 తీసేసి, రెండు శిఖరాల మధ్య దూరం 290.4తో భాగించండి. 4 వస్తుంది. అంటే 1452.9 దగ్గరున్నది నాలుగు ఆవేశాల అయాన్. దాన్నుంచి ప్రోటాన్ ద్రవ్యరాశి తీసేసి నాలుగుతో హెచ్చిస్తే సుమారు 5808 డాల్టన్లు. అదే ఇన్సులిన్ ద్రవ్యరాశి. ఈ లెక్క ఇంటర్ పిల్లలతో బోర్డు మీద చేయించవచ్చు.

మరి ప్రొటీన్‌ను ట్రిప్సిన్‌తో ఎందుకు ముక్కలు చేస్తారు?

మొత్తం ప్రొటీన్ ద్రవ్యరాశి ఒక్కటే తెలిస్తే, వేల ప్రొటీన్లున్న శాంపిల్‌లో ఎవరు ఎవరో చెప్పలేం. ట్రిప్సిన్ అనే ఎంజైమ్ లైసిన్, ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లాల తర్వాత మాత్రమే కోస్తుంది. వాటి తర్వాత ప్రోలిన్ ఉంటే సాధారణంగా కోయదు. కోత నియమం తెలుసు కాబట్టి ఏ ప్రొటీన్ నుంచి ఏ పెప్టైడ్లు (ప్రొటీన్ ముక్కలు) రావాలో కంప్యూటర్ ముందే లెక్కగడుతుంది. యంత్రం ఆ పెప్టైడ్లను ఇంకా విరగ్గొట్టి, ముక్కల మధ్య తేడాలను బట్టి అమైనో ఆమ్లాల వరసను ఇస్తుంది. రెండూ సరిపోల్చి పేరు పెడతారు.

ఈ సరిపోల్చడంలో కొన్ని పొరపాట్లు తప్పవు. అందుకే తలకిందులు చేసిన నకిలీ వరసలను కూడా కావాలనే డేటాబేస్‌లో కలిపి, యంత్రం వాటిని ఎన్నిసార్లు 'గుర్తుపట్టిందో' చూస్తారు. తప్పుల వాటా 1 శాతం లోపు ఉండేట్టు గీత గీస్తారు. ఇంకో పరిమితి: లూసిన్, ఐసోలూసిన్ రెండింటి ద్రవ్యరాశీ ఒక్కటే. మామూలు పద్ధతిలో ఈ రెంటినీ విడదీయలేం.

ఎంత ఉందో ఎలా చెబుతారు?

శిఖరం ఎత్తు చూసి నేరుగా చెప్పలేరు. రొయ్య కండలోని ఉప్పు, కొవ్వు, ఇతర పదార్థాలు అయాన్ తయారీని అణచివేస్తాయి. అదే మోతాదు ఒక శాంపిల్‌లో ఎక్కువగా, ఇంకో దాంట్లో తక్కువగా కనపడుతుంది. దీనికి విరుగుడుగా అదే అణువును బరువైన ఐసోటోపులతో తయారుచేసి, తెలిసిన మోతాదులో ముందే కలుపుతారు. డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్) ఐదు ఉన్న క్లోరాంఫెనికాల్ 321 దగ్గర కాకుండా 326 దగ్గర వస్తుంది. అణచివేత రెంటికీ సమానమే కాబట్టి వాటి నిష్పత్తి చెదరదు. ప్రొటీన్లకైతే బరువైన కార్బన్, నైట్రోజన్ ఉన్న లైసిన్‌తో చేసిన పెప్టైడ్ కలుపుతారు, అది 8 డాల్టన్లు బరువెక్కువ.

షుగర్ ఉన్నవాళ్లు మూడు నెలలకోసారి చేయించుకునే హెచ్‌బీఏ1సీ పరీక్షకు ప్రపంచస్థాయి ప్రామాణిక పద్ధతి కూడా ఇలాంటిదే. హిమోగ్లోబిన్ బీటా గొలుసు మొదట్లోని ఆరు అమైనో ఆమ్లాల ముక్కను ఎంజైమ్‌తో కోసి, గ్లూకోజ్ అంటుకున్నదీ అంటుకోనిదీ విడిగా కొలుస్తారు. రెంటికీ తేడా 162 డాల్టన్లు. మీ ఊరి ల్యాబ్‌లో ఉన్నది వేరే చిన్న యంత్రమే అయినా, దాని కొలతలను ఈ పద్ధతితోనే సరిచూస్తారు.

ఒంగోలు ఆవు పాలు 'ఏ2' అని అమ్ముతున్నారు. దీన్ని పరీక్షించవచ్చా?

బాగా వీలవుతుంది. పాలలోని బీటా కేసిన్ ప్రొటీన్‌లో 67వ స్థానంలో ప్రోలిన్ ఉంటే ఏ2, హిస్టిడిన్ ఉంటే ఏ1. హిస్టిడిన్ 40 డాల్టన్లు బరువెక్కువ. అందువల్ల ఏ2 రకం సుమారు 23,983 దగ్గర, ఏ1 రకం 24,023 దగ్గర కనపడతాయి. ఏ1 రకం ఉన్న విదేశీ జాతుల పాలు కలిస్తే రెండో శిఖరం తెలుస్తుంది.

కానీ గేదె పాలలోని బీటా కేసిన్‌లో కూడా 67వ స్థానంలో ప్రోలినే ఉంటుంది. కాబట్టి 'ఏ1 లేదు' అన్న రిపోర్టు, గేదె పాలు కలపలేదని చెప్పినట్టు కాదు. గేదె బీటా కేసిన్‌లో వేరే చోట్ల తేడాలున్నాయి, వాటి కోసం విడిగా అడిగితేనే వెతుకుతారు. ఏ2 పాలు ఆరోగ్యానికి మేలా కాదా అన్నది ఈ యంత్రం చెప్పే విషయం కాదు.

రొయ్యలు పడనివాళ్లకు దీంతో ఏమైనా ఉపయోగమా?

ఉంది. రొయ్య ఎలర్జీకి ముఖ్య కారణం ట్రోపోమయోసిన్ అనే కండర ప్రొటీన్. ఉడికించినా, వేయించినా అది సులభంగా చెడదు. పచ్చళ్లు, పొడులు ప్యాక్ చేసే చోట ఒకే పాత్రలో రొయ్యల పచ్చడీ ఇంకో పచ్చడీ చేస్తే, రెండో దాంట్లో ఈ ప్రొటీన్ పెప్టైడ్లు ఉన్నాయేమో ఇదే పద్ధతిలో చూడవచ్చు.

ఆసుపత్రుల్లో ఎక్కడ వాడతారు?

కల్చర్‌లో పెరిగిన సూక్ష్మజీవి పేరు చెప్పడానికి, పైన చెప్పిన మాల్డీ లేజర్ పద్ధతితో నడిచే మాల్డీ-టాఫ్ యంత్రం వాడతారు. ప్లేటు మీది చిన్న కాలనీని తీసుకుని, 2,000 నుంచి 20,000 డాల్టన్ల మధ్య ఉన్న ప్రొటీన్ల శిఖరాలను, తెలిసిన సూక్ష్మజీవుల శిఖరాలున్న లైబ్రరీతో పోలుస్తారు. నిమిషాల్లో పేరు వస్తుంది. ఏ మందు పనిచేస్తుందన్నది వేరే పరీక్ష. పుట్టిన బిడ్డ మడమ నుంచి తీసిన రక్తపు బొట్టుతో ఒకేసారి ఎన్నో జీవక్రియా లోపాలను వెతకడానికి టాండమ్ (అణువును విరగ్గొట్టి రెండంచెల్లో చూసే) మాస్ స్పెక్ట్రోమెట్రీ వాడతారు.

కనిగిరి వైపు నీళ్లలో ఫ్లోరైడ్ చూడటానికి ఇది కావాలా?

అక్కర్లేదు. ఫ్లోరైడ్‌కు, కావలసిన ఒక్క అయాన్‌నే కొలిచే అయాన్ సెలెక్టివ్ ఎలక్ట్రోడ్ చాలు, చవక, నమ్మదగ్గది. ఆర్సెనిక్, సీసం వంటి లోహాలు చూడాలంటే ఐసీపీ-ఎంఎస్ అనే వేరే రకం యంత్రం ఉంది. కోట్లు ఖరీదు చేసే యంత్రం ఉందని ప్రతి శాంపిల్‌నూ దాంట్లోకే పంపడం డబ్బు వృథా.

శ్రీహరికోట నుంచి పోయిన ఉపగ్రహాల్లో కూడా ఇది ఉందంటారు, నిజమేనా?

నిజమే. శ్రీహరికోట నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లోనే, 2008 అక్టోబర్ 22న బయల్దేరిన చంద్రయాన్-1లో మూన్ ఇంపాక్ట్ ప్రోబ్ మీద 'చేస్' అనే క్వాడ్రుపోల్ మాస్ స్పెక్ట్రోమీటర్ ఉంది. నవంబర్ 14న ప్రోబ్ చంద్రుణ్ని ఢీకొనేలోపు అది అక్కడి పలుచని వాయువులను కొలిచింది, 18 దగ్గర నీటి జాడను కూడా చూపింది. 2013 నవంబర్ 5న వెళ్లిన మంగళ్‌యాన్‌లో 'మెంకా' అనే పరికరం 1 నుంచి 300 దాకా ద్రవ్యరాశులు కొలిచేది. రొయ్యల ల్యాబ్‌లోని క్వాడ్రుపోల్‌కూ దానికీ సూత్రం ఒక్కటే.

ఇక్కడి విద్యార్థి ఈ రంగంలోకి ఎలా రావాలి?

కెమిస్ట్రీ, బయోకెమిస్ట్రీ, ఫిజిక్స్, మెరైన్ బయాలజీ, ఏదైనా సరే. హైదరాబాద్‌లో ఐఐసీటీ అనే రసాయన పరిశోధన సంస్థలో ఈ పద్ధతికే ప్రత్యేక జాతీయ కేంద్రం ఉంది. ప్రొటీన్ల పనికి సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఉంది. యంత్రం దొరికే దాకా ఆగనక్కర్లేదు. ప్రపంచంలోని ల్యాబ్‌లు తమ ప్రొటీన్ డేటాను ప్రైడ్ అనే భాండాగారంలో ఉచితంగా పెడతాయి. ఆ డేటాను విశ్లేషించే మాక్స్‌క్వాంట్, స్కైలైన్ సాఫ్ట్‌వేర్లు కూడా ఉచితమే. కావలిలో ఒక మామూలు కంప్యూటర్ ముందు కూర్చుని అసలైన డేటాను విప్పి నేర్చుకోవచ్చు. యంత్రం బటన్లు వారంలో వస్తాయి, స్పెక్ట్రమ్ చదవడానికే ఏళ్లు పడుతుంది.

రిపోర్టులో 'నాట్ డిటెక్టెడ్' అని ఉంది. అసలు లేనట్టేనా?

ఆ ల్యాబ్ చూడగలిగిన కనిష్ఠ స్థాయి కంటే తక్కువ అని మాత్రమే అర్థం. ఆ స్థాయి ఎంతో రిపోర్టులోనే ఉండాలి. క్లోరాంఫెనికాల్‌కు 0.3 దాకానే చూడగలిగిన ల్యాబ్ ఇచ్చిన 'నాట్ డిటెక్టెడ్', 0.15 అడిగే కొనుగోలుదారు దగ్గర చెల్లదు. ఇంకొకటి, ట్రిపుల్ క్వాడ్రుపోల్ తనకు చెప్పిన అణువులనే వెతుకుతుంది. క్లోరాంఫెనికాల్ ఒక్కటే రాసి ఇస్తే, ఏఓజెడ్ ఎంతున్నా ఆ రిపోర్టు మాట్లాడదు. కాబట్టి డబ్బు కట్టే ముందే ఏయే పదార్థాలు, ఏ స్థాయి దాకా, రొయ్య కండలో ఆ పరీక్షకు ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉందా అని అడగండి. గుర్తింపు ల్యాబ్ మొత్తానికి కాదు, ఒక్కో పరీక్షకు విడివిడిగా ఇస్తారు. మిగిలిన శాంపిల్‌ను ఎన్నాళ్లు ఫ్రీజర్‌లో దాచిపెడతారో కూడా అప్పుడే కనుక్కోండి. రీటెస్ట్ కోరాలంటే ఆ గడువులోపే కోరాలి.